లోపల తెగిన సిరకు... లోపలినుంచే అతుకు!

శివరాత్రి జాతర నాటి రాత్రి వేములవాడ ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ధర్మగుండం మెట్ల మీద జనం, కోడె మొక్కుల క్యూలో జనం, బస్టాండులో జనం. ఇసుక వేస్తే రాలదు. మేడారం జాతర ఏడాదైతే చెప్పే పనే లేదు. సమ్మక్క దగ్గరికి పోయే ముందు రాజన్నను దర్శించుకోవడం మన దగ్గర ఆనవాయితీ కదా!

ఆ జనంలోంచి ఎలాగో బయటపడి ఒక కుర్రాడు బైక్ మీద కరీంనగర్ రోడ్డెక్కాడనుకుందాం. ఇది ఊహే. కానీ ఇలాంటిది మన రోడ్ల మీద జరగనిదైతే కాదు. ఒక మలుపు దగ్గర బర్రె అడ్డం వచ్చింది. బ్రేక్ వేశాడు. బండి పడింది. హ్యాండిల్ కొస బలంగా వచ్చి కుడివైపు డొక్కలో, పక్కటెముకల కింద గుద్దుకుంది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకు ఏం కాలేదు. మోచేయి చెక్కుకుపోయింది, అంతే. లేచి కూర్చున్నాడు. "నాకేం గాలే అన్నా" అన్నాడు.

పది నిమిషాలకు ముఖం తెల్లగా పాలిపోయింది. ఒళ్లంతా చల్లటి చెమట. "దూప అయితుంది, నీళ్లియ్యిండ్రి" అంటున్నాడు. రోడ్డు మీద ఒక్క చుక్క నెత్తురు లేదు. కానీ కడుపు లోపల ధార కడుతోంది.

ఆ నెత్తురు లివర్ వెనకాల ఉన్న మహాసిర నుంచి వస్తుంటే మాత్రం, దాన్ని ఆపడం ప్రపంచంలోని ఏ గొప్ప సర్జన్‌కైనా కష్టమే. కడుపు కోస్తే ప్రమాదం. కోయకపోయినా ప్రమాదం. ఈ చిక్కుముడిని విప్పడానికి డాక్టర్లు కొన్నేళ్లుగా ఒక దారి వెతుకుతున్నారు. తొడ దగ్గర చిన్న రంధ్రం పెట్టి, సిర లోపలినుంచే పోయి, తెగినచోట బట్ట గొట్టంతో అతుకు వేయడం. దాని పేరు స్టెంట్ గ్రాఫ్ట్. ఆ బట్ట ఏ బట్టో తెలిస్తే సిరిసిల్ల, వేములవాడ వాళ్లకు కాస్త నవ్వొస్తుంది. అక్కడికీ వద్దాం.

ధమని వేరు, సిర వేరు

స్కూల్లో చదివిందే. గుండె నుంచి ఒంటికి రక్తం మోసుకుపోయేవి ధమనులు. తిరిగి గుండెకు తెచ్చేవి సిరలు. మనం మామూలుగా రెండింటినీ కలిపి 'నరం' అనేస్తాం. కానీ తెగినప్పుడు రెండూ ఒక్కలాగా ఉండవు.

బీపీ చూపించుకున్నప్పుడు 120/80 అంటారు కదా, అది ధమనిలో ఒత్తిడి. మహాసిరలో ఆ ఒత్తిడి పదికి అటూ ఇటూ మాత్రమే. ట్యాంకు నుంచి వచ్చే పైపుకూ, మెల్లగా పారే కాలువకూ ఉన్న తేడా అన్నమాట. మరి ఒత్తిడి తక్కువైతే నెత్తురు కూడా తక్కువే పోవాలి కదా? అక్కడే పొరపాటు పడతాం. ఒంట్లో ఏ క్షణంలోనైనా మూడింట రెండొంతుల రక్తం సిరల్లోనే ఉంటుంది. గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్లు బయటికి కొడితే, అంతా తిరిగి సిరల దారిలోనే రావాలి. కాళ్లు, నడుము, కిడ్నీలు, లివర్ నుంచి వచ్చేదంతా కలిపి మోసేది ఒకే ఒక్క గొట్టం. దాని పేరు అధో మహాసిర. వెడల్పు రెండు సెంటీమీటర్ల పైచిలుకు. మన బొటనవేలంత అనుకోండి.

పెద్ద మనిషి ఒంట్లో ఉండే రక్తం మొత్తం 5 లీటర్లు. అందులో 40 శాతం, అంటే రెండు లీటర్లు పోతే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆ కాలువకు గండి పడి నిమిషానికి అర లీటరు పోయిందనుకోండి, నాలుగు నిమిషాల లెక్క.

ఇంకో ఇబ్బంది ఉంది. ధమని గోడ మందంగా, రబ్బరు ట్యూబులా ఉంటుంది. కుట్టు వేస్తే పట్టుకుంటుంది. సిర గోడ పలచన. తడిసిన కాగితానికి కుట్టు వేసినట్టే. జాగ్రత్త తప్పితే సూది పడినచోటే ఇంకాస్త చిరుగుతుంది.

తెరిస్తే పారుతుంది, మూస్తే ఆగుతుంది

సిర గాయాల్లో ఒక విచిత్రం ఉంటుంది. ఒత్తిడి తక్కువ కాబట్టి, చుట్టూ పేరుకున్న రక్తమే గడ్డకట్టి గండికి అడ్డంగా నిలబడుతుంది. లివర్ బరువు కూడా పైనుంచి నొక్కిపెడుతుంది. అంటే ఒళ్లే తనకు తాను ఒక కట్టు కట్టుకుంటుంది. సర్జన్ ఆ సిరను చూద్దామని లివర్‌ను పక్కకు జరిపాడో, కట్టు ఊడిపోయినట్టే. ఒక్కసారిగా వరద. పైగా తెరుచుకున్న సిరలోకి గాలి పీల్చుకుపోయి గుండెకు చేరే ప్రమాదం కూడా ఉంది.

లివర్ వెనకాల ఏడెనిమిది సెంటీమీటర్ల మేర మహాసిర దాదాపు దాక్కుని ఉంటుంది. లివర్‌లోంచి వచ్చే మూడు పెద్ద సిరలు అక్కడే దాంట్లో కలుస్తాయి. చెయ్యి దూరని చోటు. అక్కడ దెబ్బ తగిలినవాళ్లలో సగానికి సగం మంది, చాలాచోట్ల అంతకంటే ఎక్కువ మందే దక్కడం లేదని ట్రామా సర్జన్లు దశాబ్దాలుగా రాస్తున్నారు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గ్లాస్గోకు చెందిన జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ అనే సర్జన్ 1908లో, లివర్‌లోకి రక్తం వచ్చే దారిని వేళ్లతో నొక్కిపట్టి రక్తస్రావాన్ని తగ్గించే పద్ధతి చెప్పాడు. ఇప్పటికీ అది ఆయన పేరుతోనే నడుస్తోంది. కానీ మహాసిరే చిరిగితే ఆ నొక్కుడు సరిపోదు. ఎందుకంటే నెత్తురు వెనకనుంచి వస్తుంది. 1968లో అమెరికాలో ష్రాక్, ఆయన సహచరులు గుండె గదిలోంచి మహాసిరలోకి ఒక గొట్టం దించి, తెగినచోటును తప్పించి రక్తం పోయేలా చేసే ఆపరేషన్ చెప్పారు. ఆలోచన అద్భుతం. కానీ అందుకోసం ఛాతీ కూడా తెరవాలి. రోగి అప్పటికే అటో ఇటో అన్నట్టుంటాడు. బతికినవాళ్లు తక్కువే.

చివరికి ఎక్కువమందిని కాపాడింది చాలా సాదా పని. లివర్ చుట్టూ శుభ్రమైన బట్టలు కుక్కి, గట్టిగా నొక్కి, కడుపును తాత్కాలికంగా మూసేసి, ఐసీయూకు తీసుకుపోవడం. రక్తం ఎక్కించి, ఒళ్లు వెచ్చగా చేసి, ఒకట్రెండు రోజులయ్యాక మళ్లీ తెరిచి బట్టలు తీసేయడం. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, సర్వర్ పడిపోయినప్పుడు కోడ్ అందంగా తిరగరాస్తూ కూర్చోం కదా! ముందు ఎలాగోలా నిలబెట్టి, తర్వాత తీరిగ్గా సరిచేస్తాం. డాక్టర్లు దీన్ని 'డ్యామేజ్ కంట్రోల్ సర్జరీ' అంటారు.

అంటే మొదటి ఆయుధం బట్టే. ఇప్పుడు రెండో బట్ట కథ.

కుట్టు మిషన్ మీద పుట్టిన రక్తనాళం

అమెరికాలోని హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే గుండె సర్జన్ ఉండేవాడు. 1950ల మొదట్లో, పాడైపోయిన పెద్ద ధమనుల స్థానంలో వేయడానికి కృత్రిమ గొట్టం కోసం వెతుకుతున్నాడు. ఊర్లోని ఒక పెద్ద బట్టల దుకాణానికి పోయి నైలాన్ అడిగాడు. అయిపోయిందన్నారు. కొత్తగా వచ్చిన డాక్రాన్ అనే బట్ట ఉందన్నారు. సరే అని అదే కొనుక్కొచ్చి, భార్య కుట్టు మిషన్ మీద తనే గొట్టంలా కుట్టాడు. చిన్నప్పుడు తల్లి నేర్పిన కుట్టుపని అలా అక్కరకొచ్చింది. ఆ బట్ట ఒంట్లో బాగా ఇమిడిపోయింది. దశాబ్దాల తర్వాత, 97 ఏళ్ల వయసులో డిబేకీకే పెద్ద ధమని చీలితే, 2006లో ఆయన శిష్యులు డాక్రాన్ గొట్టం వేసే ఆయన్ను బతికించారు.

డాక్రాన్ అంటే ఏదో అనుకునేరు. పాలిస్టరే.

ఈ సంగతి చదివినరోజు మా బాపుకు ఫోన్ చేశాను. సిరిసిల్లలో ఏళ్ల తరబడి సాంచాల మీద పాలిస్టర్ నేసిన మనిషి. "బాపూ, నువ్వు నేసే దారంతోనే మనిషికి రక్తనాళం జేస్తరట" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి మీటరుకు ఎంతిస్తరట్రా?" అన్నాడు. నిజమే, మీటర్ల లెక్కన కూలి తీసుకున్న మనిషి అడగాల్సిన ప్రశ్న అదే. సిరిసిల్ల సాంచాల మీద వచ్చే బట్టను తీసుకుపోయి నేరుగా ఒంట్లో పెట్టలేరు. దారం శుద్ధి, నేత బిగువు, క్రిములు లేకుండా చేయడం అన్నీ వేరే స్థాయిలో ఉండాలి. కానీ మూల పదార్థం మాత్రం అదే కుటుంబం.

గొడుగులా ముడుచుకుని, పువ్వులా విచ్చుకుని

డిబేకీ గొట్టం వేయాలంటే కడుపు కోయాల్సిందే. కోయకుండా లోపలినుంచే పంపడం ఎలా? దానికి మూడు వేర్వేరు ఆలోచనలు ఒకచోట కలవాల్సి వచ్చింది.

ఒకటి, దారి. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ అనే డాక్టర్ ఒక సులువైన కిటుకు కనిపెట్టాడు. సూది గుచ్చు, సూదిలోంచి సన్నటి తీగ పంపు, సూది తీసేయి, ఆ తీగ మీదుగా గొట్టం ఎక్కించు. ఇవాళ యాంజియోగ్రామ్ చేసినా, ఐసీయూలో మెడ దగ్గర లైను పెట్టినా అదే పద్ధతి.

రెండు, చట్రం. అమెరికా నేవీ ప్రయోగశాలలో 1960 ప్రాంతంలో బయటపడిన నికెల్, టైటానియం మిశ్రమం నిటినాల్. దీనికి ఆకారం గుర్తుంటుంది! సన్నగా నొక్కి గొట్టంలో పెడితే ముడుచుకుని ఉంటుంది. ఒంటి వేడిలోకి వదిలితే అసలు ఆకారానికి విచ్చుకుంటుంది. బటన్ నొక్కగానే తెరుచుకునే గొడుగు లాగా.

మూడు, తొడుగు. చట్రానికి పాలిస్టర్ గానీ, పీటీఎఫ్‌ఈ అనే పదార్థాన్ని సాగదీసి చేసిన పలచటి పొర గానీ తొడుగుతారు. పీటీఎఫ్‌ఈ అంటే మన ఇంట్లో దోశ అంటుకోని పెనం మీద ఉండే పూతే.

గుండె స్టెంట్ మనందరికీ తెలుసు. అది ఉట్టి జాలీ. మూసుకున్న దారిని తెరవడం దాని పని. స్టెంట్ గ్రాఫ్ట్ అంటే జాలీకి బట్ట తొడిగినది. కారుతున్న దారిని లోపలినుంచి మూయడం దీని పని. రక్తం మాత్రం మధ్యలోంచి యథాప్రకారం పారుతూనే ఉంటుంది. సైకిల్ ట్యూబుకు బయటినుంచి కాకుండా లోపలినుంచి పంక్చర్ వేసినట్టు!

ఈ మూడింటినీ కలిపి పెద్ద ధమనిలో మొదట వాడినవాళ్లలో ఒకరు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో పనిచేసిన నికొలాయ్ వొలోదోస్. 1987లోనే చేశాడు. అప్పుడది సోవియట్ యూనియన్. రాసింది రష్యన్‌లో. బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియనే లేదు. 1990 సెప్టెంబర్‌లో అర్జెంటీనాలో హువాన్ పరోది కడుపులోని పెద్ద ధమనికి ఇలా చేశాక ప్రపంచమంతా అటు తిరిగింది. ఇవాళ ధమని ఉబ్బుకు చాలాచోట్ల ఇదే మొదటి చికిత్స.

మరి సిరల్లో ఎందుకు ఆలస్యం?

ధమనుల కోసం తయారైన వస్తువును సిరలో పెట్టడం మొదట్లో ఎవరికీ తట్టలేదు. తట్టినా ధైర్యం రాలేదు. 1997లో అమెరికాలోని డెన్వర్ డాక్టర్లు తీవ్రంగా నలిగిన లివర్‌కు బట్టలు కుక్కడంతో పాటు, సిరలో స్టెంట్ కూడా వాడిన అనుభవాన్ని ప్రచురించారు. 2002లో జపాన్ డాక్టర్లు ఇంకో అడుగు వేశారు. లివర్ దగ్గర మహాసిర చిరిగిన రోగికి, తొడుగులో కిటికీ పెట్టిన స్టెంట్ గ్రాఫ్ట్ వేశారు. ఆ కిటికీ ఎందుకంటే లివర్ సిరల నోళ్లు మూసుకుపోకూడదు కాబట్టి. ఆ తర్వాత ఒకటీ అరా చొప్పున ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి కేసులు వస్తూనే ఉన్నాయి.

అది జరిగే తీరు ఇలా ఉంటుంది. గజ్జల్లోని సిరలోకి సూది. సెల్డింగర్ తీగ. ఎక్స్‌రే తెర మీద చూస్తూ, రంగు మందు పంపి ఎక్కడ కారుతోందో పట్టుకుంటారు. ఎనిమిది మిల్లీమీటర్ల దాకా మందమున్న గొట్టంలో ముడుచుకున్న గ్రాఫ్ట్‌ను అక్కడిదాకా తోసి, తొడుగు వెనక్కి లాగుతారు. గ్రాఫ్ట్ విచ్చుకుంటుంది. రంగు మందు మళ్లీ పంపితే కారుడు ఆగిందో లేదో అక్కడికక్కడే కనబడుతుంది. కడుపు తెరవలేదు. ఒళ్లు కట్టుకున్న సహజ కట్టు ఊడలేదు. అదీ దీని అసలు బలం.

అయితే దీన్ని మంత్రదండం అనుకోవద్దు. చిక్కులు చాలా ఉన్నాయి.

మొదటిది కొలత. గ్రాఫ్ట్ సిర కంటే 10 నుంచి 20 శాతం పెద్దగా ఉంటేనే గోడను పట్టుకుని నిలుస్తుంది. కానీ నెత్తురు పోయిన మనిషిలో సిర ముడుచుకుపోయి ఉంటుంది. ఆ కొలతకు వేస్తే, రక్తం ఎక్కించాక సిర ఉబ్బుతుంది, గ్రాఫ్ట్ వదులైపోతుంది. ధమనులు గుండెకు దూరమవుతున్నకొద్దీ సన్నబడతాయి, సిరలు గుండె వైపు పోతున్నకొద్దీ వెడల్పవుతాయి. అంటే వదులైన గ్రాఫ్ట్ జారితే పోయేది నేరుగా గుండెలోకే.

రెండోది స్థలం. కాస్త పైకి వేస్తే లివర్ సిరలు, కిందికి వేస్తే కిడ్నీ సిరలు మూసుకుంటాయి. ఒక సెంటీమీటరు తేడాకు ఒక అవయవం మూల్యం.

మూడోది గడ్డలు. సిరలో ప్రవాహం నెమ్మది. కొత్త వస్తువు కనబడితే రక్తం గడ్డకడుతుంది. గడ్డకట్టకుండా మందు ఇవ్వాలి. కానీ ఇప్పుడే నెత్తురు ఆగిన మనిషికి, నెత్తురు పలచబడే మందు ఎప్పుడు మొదలుపెట్టాలి? డాక్టర్లకు అది రోజువారీ తల నొప్పి.

నాలుగోది వయసు. ధమని ఉబ్బు వచ్చేది సాధారణంగా పెద్ద వయసులో. యాక్సిడెంట్లలో వచ్చేది ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లు. ఇంకో యాభై ఏళ్లు ఒంట్లో ఆ గొట్టం ఎలా ఉంటుందో చెప్పేంత అనుభవం ఇంకా ఎవరి దగ్గరా పోగుపడలేదు. అందుకే అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు, పెట్టి మళ్లీ బయటికి తీయగలిగే స్టెంట్ మీద పనిచేస్తున్నారు. నెత్తురు ఆగేదాకా లోపల, సర్జన్ తీరిగ్గా కుట్టాక బయట. బట్టలు కుక్కి తీసేసే పద్ధతికి ఇది కొత్త తరం తమ్ముడు.

ఇంతకీ మహాసిర కోసం ప్రత్యేకంగా తయారైన గ్రాఫ్ట్ లేకపోవడంతో, డాక్టర్లు ఎక్కువగా ధమని కోసం చేసిన పొట్టి ముక్కలనే వాడుకుంటున్నారు. ఎప్పుడు వాడాలనేది రోగి పరిస్థితిని బట్టి ఆ టీమ్ తీసుకునే నిర్ణయం.

అరుదైనదే కాదు, రోజూ వాడేదీ

యాక్సిడెంట్ కేసులు అరుదే. కానీ ఇదే తొడుగు స్టెంట్ సిరల్లో మరో రెండుచోట్ల మామూలుగానే వాడుతున్నారు. మనకు తెలిసిన ఇళ్లలోనే ఎవరికైనా పడి ఉండొచ్చు.

ఒకటి డయాలసిస్ రోగులు. వాళ్ల చేతిలో ధమనిని సిరతో కలిపి 'ఫిస్టులా' చేస్తారు. వారానికి రెండు మూడుసార్లు సూదులు పడి ఆ సిర ఇరుకవుతుంది. బెలూన్‌తో వెడల్పు చేసేటప్పుడు అప్పుడప్పుడు చిట్లుతుంది. అప్పుడు లోపలినుంచి తొడుగు స్టెంట్ వేస్తే, నెత్తురు ఆగుతుంది, ఫిస్టులా కూడా మిగులుతుంది.

రెండోది లివర్ గట్టిపడినవాళ్లు. మందు అలవాటు ముదిరిన ఇళ్లలో ఈ మాట వినే ఉంటారు, "నెత్తురు కక్కుకున్నడు" అని. గట్టిపడిన లివర్‌లోంచి రక్తం పోలేక, అన్నవాహికలోని సిరలు ఉబ్బి చిట్లడమే దానికి కారణం. ఎండోస్కోపీతో బ్యాండ్లు వేసి ఆపుతారు. అలా ఆగేట్టు లేనివాళ్లకు మెడ సిరలోంచి లోపలికి పోయి, లివర్ మధ్యలోంచే ఒక బైపాస్ దారి తవ్వి, అందులో తొడుగు స్టెంట్ పెడతారు. దీన్ని 'టిప్స్' అంటారు. 1988లో జర్మనీలో మొదలైంది. 2010లో యూరప్‌లో ప్రమాదం ఎక్కువున్న 63 మంది మీద జరిగిన అధ్యయనంలో, మొదట్లోనే టిప్స్ చేసినవాళ్లలో ఏడాది తర్వాత 86 శాతం మంది బతికున్నారు. మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో అది 61 శాతం. హైదరాబాద్‌లోని పెద్ద లివర్ ఆసుపత్రుల్లో ఇది జరుగుతూనే ఉంది.

వేములవాడ నుంచి గడియారం చూస్తే...

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. స్టెంట్ గ్రాఫ్ట్ ఎంత గొప్పదైనా దాని దగ్గరికి చేరాలి కదా!

వేములవాడ నుంచి కరీంనగర్ దాదాపు 35 కిలోమీటర్లు. హైదరాబాద్ 150 కిలోమీటర్లు. సిరిసిల్ల పక్కనే, ఇప్పుడక్కడ జిల్లా ఆసుపత్రితో పాటు 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా ఉంది. కరీంనగర్‌లో గుండె స్టెంట్లు వేసే క్యాత్ ల్యాబులు ఉన్నాయి. కానీ మహాసిరకు గ్రాఫ్ట్ వేయాలంటే క్యాత్ ల్యాబ్ ఒక్కటి సరిపోదు. ఆ సైజు గ్రాఫ్ట్ బీరువాలో సిద్ధంగా ఉండాలి. వేయడం తెలిసిన చేయి రాత్రి రెండు గంటలకు కూడా అందుబాటులో ఉండాలి. పక్కనే ట్రామా సర్జన్, బ్లడ్ బ్యాంకు ఉండాలి. ఇవన్నీ ఒకచోట కలవడం పెద్ద నగరాల్లోనే కష్టం.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అంజన్న దర్శనం దారి అది, మనకు ఆమడ దూరం. ఆ రోజు గాయపడ్డవాళ్లను మోసుకుంటూ అంబులెన్సులు జగిత్యాలకు, కరీంనగర్‌కు, హైదరాబాద్‌కు పరుగెత్తాయి. మన దగ్గర పెద్ద గాయం అంటే ముందు గుర్తొచ్చేది రోడ్డు దూరమే. ఒక్క 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు.

కాబట్టి చిన్న ఊరి ఆసుపత్రి చేయాల్సింది గ్రాఫ్ట్ వేయడం కాదు. గ్రాఫ్ట్ వేసేవాళ్ల దాకా మనిషిని బతికించి పంపడం. దానికి మందూ ఉంది. ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌లో ఒకామోతో దంపతులు 1960ల్లో కనిపెట్టారు. చాలా చవక. 40 దేశాల్లో 20 వేలకు పైగా గాయపడినవాళ్ల మీద జరిగి 2010లో వెలువడిన అధ్యయనం, దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తే ప్రాణాలు దక్కుతాయని తేల్చింది. ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. దాంతోపాటు రక్తం, వెచ్చదనం, అవసరమైతే ఆ బట్టలు కుక్కే ఆపరేషన్. ముందుగానే పెద్దాసుపత్రికి ఫోన్. ఇవి ఉంటే 150 కిలోమీటర్లు కూడా దాటొచ్చు.

ధర సంగతి? గుండె స్టెంట్ల ధరలు మండిపోతున్న రోజుల్లో, 2017 ఫిబ్రవరిలో కేంద్రం వాటికి పరిమితి పెట్టింది. మందు పూత ఉన్న స్టెంట్ 29,600 రూపాయలకు దిగింది. ఆ ఉత్తర్వు గుండె స్టెంట్లకే. పెద్ద స్టెంట్ గ్రాఫ్ట్ ఇప్పటికీ లక్షల మాటే. 1990ల్లో హైదరాబాద్ గుండె డాక్టర్ బి.సోమరాజు, క్షిపణుల అబ్దుల్ కలాం కలిసి చవక స్టెంట్ తయారుచేశారు, కలాం-రాజు స్టెంట్ అని. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ 1990లో సొంత గుండె కవాటం తెచ్చింది. ఇవాళ హైదరాబాద్ పక్కన సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో గుండె స్టెంట్లు తయారవుతున్నాయి. స్టెంట్ చేసే చేతులు ఇక్కడే ఉన్నాయి. పాలిస్టర్ నేసే చేతులు సిరిసిల్లలో ఉన్నాయి. మధ్యలో ఉన్నది వంద మైళ్ల లోపు రోడ్డు, బోలెడంత ఇంజనీరింగ్. బీటెక్ చదివి ఫైనలియర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... ఒకసారి ఆలోచించండి.

మీ చేతిలో ఉన్నది

ఇది చదువుతున్న మనలో తొంభై శాతానికి స్టెంట్ గ్రాఫ్ట్ వేసే అవసరం రాదు. కానీ రోడ్డు మీద పడిన మనిషి పక్కన నిలబడే రోజు రావచ్చు. అప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే.

బయట నెత్తురు లేదు కదా అని వదిలేయొద్దు. బండి హ్యాండిల్ కడుపులో గుద్దినా, ముఖం పాలిపోయినా, చల్లటి చెమట పట్టినా, విపరీతంగా దూప అవుతున్నా, మాట తడబడుతున్నా లోపల నెత్తురు పోతోందని అనుమానించాలి. "ఏం గాలే" అన్నా సరే, ఆసుపత్రికి పంపాలి.

నీళ్లు, చాయ్ తాగించొద్దు. ఆపరేషన్ అవసరమైతే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం.

వెల్లకిలా పడుకోబెట్టి, చద్దరో, కండువానో కప్పండి. ఒళ్లు చల్లబడితే నెత్తురు గడ్డకట్టదు.

బయట కారుతుంటే శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా నొక్కిపట్టండి. మధ్య మధ్యలో తీసి చూడొద్దు. కడ్డీ, గాజు ముక్క ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకొద్దు. కొన్నిసార్లు గండికి అడ్డంగా ఉన్నది అదే.

108కి ఫోన్ చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ నంబరే ఇవాళ దేశంలో చాలా రాష్ట్రాలు వాడుతున్నాయి.

పోలీసు కేసు అవుతుందేమోనని భయం వద్దు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్లకు రక్షణ కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షన్ చేర్చారు. మీ పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఆసుపత్రి ఖర్చు భయం కూడా కొంత తగ్గింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స ఇచ్చే కేంద్ర పథకం ఉంది. మన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది.

ఇంకా ఒకటి. రక్తం. ఏ స్టెంట్ వేసినా, ఏ బట్ట కుక్కినా, పోయిన నెత్తురును ఫ్యాక్టరీలో తయారుచేయలేం. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూడు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఆడవాళ్లయితే నాలుగు నెలలకోసారి.

మొన్న ఊరికి పోయినప్పుడు బాపు మళ్లీ ఆ ముచ్చట ఎత్తాడు. చేతిలో పాలిస్టర్ గుడ్డ ముక్క పట్టుకుని, వెలుగుకు ఎదురుగా పెట్టి చూస్తున్నాడు. పోగులు లెక్కపెట్టడం ఆయనకు అలవాటే.

"నీళ్లు వోస్తే ఇందులకెల్లి కారుతయి గదరా. మరి నెత్తురెట్ల ఆగుతది?"

"నేత బిగువుంటది బాపూ. మొదట్ల కొంచెం ఊరుతది. పోగుల నడుమ నెత్తురే గడ్డకట్టి సందులన్నీ మూసుకుంటయి."

"అంటే బట్ట సగం ఆపితే, మిగిలిన సగం మనిషి నెత్తురే ఆపుకుంటదన్నట్టు" అన్నాడు.

నేను అన్ని రోజులు చదివింది, ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు.